అసలు పేర్లు అడిగిన పదకొండు రోజులు

మా కిడ్నీ పేషెంట్ల కుటుంబాల ఆన్‌లైన్ గ్రూపులో, మారుపేరుతో రాసే ఒకామె అసలు పేరు బయటపడిన కేసు ఇది. రాసే ముందు ఆమెని అడిగాను. "రాసుకోండి మేడమ్. కాపోతే మా ఊరోళ్ళు సదివినా ఇది నానేనని పోల్చుకోకూడదు" అంది. అందుకని వయసు, ఊరు, పిల్లల లెక్క, చుట్టరికాలు, చివరికి ఆమె పెట్టుకున్న మారుపేరు కూడా మార్చాను. మార్చిన ప్రతిని ఫోన్లో చదివి వినిపిస్తే రెండు చోట్ల ఆపింది. "ఇక్కడ పట్టేస్తారు" అంది. ఆ రెండు చోట్లా పేర్లేమీ లేవు. ఒకచోట వాళ్ళ ఇంటి ముందున్న చెట్టు ఉంది, రెండోచోట ఆమె భర్త ఆసుపత్రికి వెళ్ళే ఆటో ఉంది. రెండూ తీసేశాను. ఈ కేసులో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఆమెకి ముందే తెలుసు.

నేపథ్యం

నేను మెడికల్ సోషల్ వర్కర్ని. కిడ్నీ జబ్బు ఉన్న కుటుంబాలతో పని, అదీ ఎక్కువగా ఉద్దానంలో. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్ని కలిపి ఉద్దానం అంటాం. ఉద్యానం అన్న మాటే అలా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలు చూస్తే నిజమే అనిపిస్తుంది. ఈ తోటల్లో పనిచేసేవాళ్ళకి షుగరు, బీపీ లేకపోయినా కిడ్నీలు చెడిపోతున్నాయి. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు ఇంకిపోవడం అన్నారు. ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు తెచ్చారు. అవన్నీ జరిగినా మారనిది ఒకటుంది. ఇంట్లో ఒకరికి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిందని తెలిస్తే ఆ ఇంటి పిల్లకి సంబంధాలు రావు. అబ్బాయికైనా అంతే. అందుకే ఇక్కడ రిపోర్టు కాగితాలు బీరువాలో బంగారం పక్కన ఉంటాయి.

ఈ కుటుంబాలవాళ్ళు మాట్లాడుకోవడానికి మొదట వాట్సాప్ గ్రూపు పెట్టాం. అందులో ప్రతివాళ్ళ ఫోను నంబరు అందరికీ కనిపిస్తుంది. నెల తిరిగేసరికి అది గుడ్ మార్నింగుల గ్రూపైపోయింది. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు, ఇష్టమైన పేరు పెట్టుకోవచ్చు అని అక్కడికి మారాం. మారిన వారంలోనే, ముఖాముఖి కౌన్సెలింగ్‌లో నేను ఏళ్ళ తరబడి వినని ప్రశ్నలు వచ్చాయి. "గుక్కెడు నీళ్ళ కోసం తిట్టి కొట్టబోతన్నాడు, దాచీడం పాపమా?" "డయాలసిస్ అయిన రాత్రి ఆయన దగ్గరికి రానియ్యడు, నా మీద అసయ్యమా?" అడిగినవాళ్ళ పేర్లు గోరింట, చిలకముక్కు, తిత్లీ. తిత్లీ అని పెట్టుకున్నాయన్ని 'ఇదేం పేరండీ' అని అడిగితే, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానుకి తోట మొత్తం పడిపోయిందన్నారు. ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పట్టుకోలేరు. ఆ తుఫానుకి చెట్టు పడని ఇల్లు ఈ చుట్టుపక్కల ఎక్కడుంది!

వాళ్ళలో సంపెంగి ఒకరు. భర్తకి వారానికి రెండుసార్లు డయాలసిస్. చదువు పెద్దగా లేదు. టైపు చేయడం రాక మొదట్లో చెప్పినది ఫోనే రాసిపెట్టేది, తప్పులతో. కానీ వంటింటి సంగతుల్లో డాక్టరు చెప్పింది ఆమె నోట వింటేనే అందరికీ అర్థమయ్యేది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి పొటాషియం ఎక్కువైతే గుండె ఆగే ప్రమాదం ఉంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరిబొండం వద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. సంపెంగి ఒక్క వాక్యంలో చెప్పింది: "బొండాం ఇంటికొచ్చిన చుట్టానికియ్యండి, మీరు తాక్కండి." నీళ్ళ లెక్కకి ఆమెది అర లీటరు సీసా పద్ధతి. పొద్దున్నే సీసా నింపి పెట్టడం, మాత్రకైనా మజ్జిగకైనా అందులోంచే వంచడం, సీసా అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. ముందురోజు పోసిన మూత్రాన్ని బట్టి డాక్టరు ఇంకొంచెం కలుపుకోమంటే పక్కన గీత గీసిన గ్లాసు. ఈ సీసా సంగతి గ్రూపులో చాలామంది ఇళ్ళకి వెళ్ళింది.

ఆరు నెలలు అలా గడిచాక ఒక రాత్రి ఆమె ఇంకో సంగతి రాసింది. తనకే క్రియాటినిన్ పెరుగుతోందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని. ఆ మెసేజ్ కింద అర్ధరాత్రి దాకా జవాబులు వచ్చాయి. ఎవరూ 'మీ ఆయనకి చెప్పు' అని తొందరపెట్టలేదు. ఒకావిడ మాత్రం, "అప్పా, రేపు నా వంట కూడా నువ్వే సెప్పు, అప్పుడు నీకు దిగులు రాదు" అని రాసింది. అప్ప అంటే ఇక్కడ అక్క.

సమస్య

మూడు వారాల తర్వాత, రాత్రి పదిన్నర దాటాక, 'నిజం' అనే కొత్త ఖాతా గ్రూపులోకి వచ్చి ఒకే మెసేజ్ పెట్టింది. అందులో సంపెంగి అసలు పేరు, ఇంటిపేరు, ఊరు ఉన్నాయి. ఊరందరికీ నీతులు చెప్పే ఈవిడ తన క్రియేటిన్ సంగతి దాచి కూతురికి పెళ్ళి చేస్తోందని, ఈ స్క్రీన్‌షాట్లన్నీ మగపెళ్ళివారికి పంపుతానని రాసి ఉంది. నేను చూసింది తెల్లవారి ఆరింటికి. తీసేశాను. ఏడు గంటల పాటు అది అక్కడే ఉంది. నూట అరవై మందిలో ఎవరు చూశారో, ఎవరు దాచుకున్నారో లెక్క లేదు.

ఆమెకి ఫోన్ చేశాను. కోపంగా ఉంటుందనుకున్నాను. గొంతు చాలా మామూలుగా ఉంది. "నా పేరు పోతే పోయింది మేడమ్. నా ఒంట్లో సంగతి ఆయనకి తెల్దు. అదొక్కటీ నానే సెప్పుకుందామనుకున్నాను" అంది. మధ్యాహ్నానికి ఎవరో ఆ స్క్రీన్‌షాట్ ఆమె భర్తకి చూపించారు. డయాలసిస్ బెడ్డు మీద ఉండగా.

'అదొక్కటీ నానే సెప్పుకుందామనుకున్నాను' అన్న ఆమె వాక్యం దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. పెళ్ళి సంబంధం నష్టమే, ఒప్పుకుంటాను. కానీ భార్యాభర్తల మధ్య ఒక మాట ఎప్పుడు, ఎలా చెప్పాలనేది ఆమె చేతిలో ఉండాల్సిన విషయం. అది పోయింది. మారుపేరు ఆమెకి ఇచ్చినది ముసుగని అప్పటిదాకా అనుకున్నాను. ఆమెకి కావలసింది కొంచెం గడువు.

గ్రూపులో రెండు డిమాండ్లు వచ్చాయి. ఒకటి, ఆ 'నిజం' ఎవడో బయటపెట్టండి. రెండు, ఇక అందరూ అసలు పేర్లు పెట్టుకోవాలి. రెండోది మొదట అన్నది గ్రూపులో పెద్దాయన, రిటైరైన టీచరు. "మొహం దాచుకున్నోడికే ఇంత నోరు. ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాడు సంతకం పెట్టమంటే రాస్తాడా?" అన్నారు. నాకు సబబే అనిపించింది. సబబనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఏదో ఒకటి వెంటనే చేసి చూపించాలన్న టెన్షన్‌లో ఉన్నాను.

మొదటి ప్రయత్నం: అసలు పేర్లు

నియమం పెట్టాం. అసలు పేరు, సొంత ఫోటో. నమ్మకం కోసం ఆధార్ ఫోటో నాకు విడిగా పంపాలి. మొదటి రెండు రోజుల్లో పదకొండు ఆధార్‌లు నా ఫోన్లోకి వచ్చాయి. పంపినవాళ్ళలో తొమ్మిది మంది మగవాళ్ళు.

అంతకుముందు రోజుకి నలభై, యాభై మెసేజ్‌లు వచ్చేవి. పదకొండో రోజు ఆరు వచ్చాయి. నాలుగు గుడ్ మార్నింగులు, ఒకటి 'ఆధార్ దేనికి' అన్న ప్రశ్న, ఒకటి నాది. గోరింట వెళ్ళిపోయింది. చిలకముక్కు వెళ్ళిపోయింది. తిత్లీ గారు పేరు మార్చుకుని ఉన్నారు గానీ మాట్లాడలేదు.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. అసలు పేర్లు వచ్చేసరికి ఇంటిపేర్లు వచ్చాయి. మన దగ్గర ఇంటిపేరు చెబితే కులం, ఊరు, తాతల సంగతి కూడా చెప్పినట్టే. నిన్నటిదాకా చిలకముక్కు మాట మంచిదా కాదా అని చూసినవాళ్ళు ఇప్పుడు ఎవరి ఇంటి మనిషి అని చూశారు. పెద్దాయనే, తన పూర్తి పేరుతో, ఫోటోతో, ఒక చిన్నమ్మాయికి జవాబిస్తూ "మీ ఆయన తాగుడు మానితే డయాలసిస్ ఎందుకొచ్చేది" అని రాశారు. ఆయన చెడ్డవారు కారు. తరగతిలో ఏళ్ళ తరబడి మాట్లాడినట్టే మాట్లాడారు. పేరు పెట్టుకుంటే నోరు అదుపులో ఉంటుందన్నది అందరి విషయంలో నిజం కాదు. కొందరికి పేరు పెట్టుకుంటే గొంతు ఇంకా పెరుగుతుంది. ఎదుటివాళ్ళ పేరు కూడా తెలిసినప్పుడు మరీను.

ఈలోగా ఒక కొత్త ఖాతా చక్కటి పేరుతో, ఇంటిపేరుతో, టై కట్టుకున్న ఫోటోతో వచ్చి ఏదో పొడి అమ్మబోయింది. ఆ ఫోటో ఎవరిదో, ఎక్కడ దొరికిందో! అసలు పేరు అడగడమంటే అసలు పేరులా కనిపించేదాన్ని అడగడమేనని అప్పుడు తెలిసింది.

పదకొండో రోజు రాత్రి ఈ విషయం మీద చదువుతూ కూర్చున్నాను. దక్షిణ కొరియా ఇదే పని దేశం మొత్తం మీద చేసి చూసింది. రోజూ లక్షలమంది చూసే పెద్ద సైట్లలో ఏదైనా రాయాలంటే గుర్తింపు రుజువు చేసుకోవాలని 2007లో నియమం తెచ్చారు. 2011లో అక్కడి ఒక పెద్ద పోర్టల్ మీద హ్యాకర్లు పడి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు పట్టుకుపోయారు. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నియమాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. 3.5 కోట్లు అన్న అంకె చూడగానే నాకు గుర్తొచ్చింది నా ఫోను. దానికి పాటర్న్ లాకు ఉంది, ఆ పాటర్న్ మా పిల్లవాడికి తెలుసు. లోపల పదకొండు ఆధార్‌లు. అప్పటికప్పుడు తీసేశాను, బ్యాకప్‌లోంచి కూడా. మర్నాడు పొద్దున్నే నియమం ఎత్తేశాను.

రెండో ప్రయత్నం: పేరే లేకుండా

ఒక కొస పనికిరాలేదు గనక రెండో కొసకి పరుగెత్తాను. ప్రశ్న నాకు విడిగా పంపండి, 'ఒక సభ్యురాలు', 'ఒక సభ్యుడు' అని నేను పెడతాను, జవాబులు కూడా అలాగే ఇస్తాను అన్నాను. ఇందులో లెక్క ఏమిటంటే, ఎవరి పేరూ లేకపోతే ఎవరి పేరూ బయటపడదు.

ప్రశ్నలు వరదలా వచ్చాయి. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ 2004లో రాసిన పత్రంలో ఒక మాట ఉంది. ఎవరో తెలియదన్న ధైర్యం రెండు రకాలుగా నోరు విప్పిస్తుంది, ఒకటి గుండెలో మాట చెప్పడానికి, రెండోది విషం కక్కడానికి. నాకు మొదటి రకం ఎక్కువగానే వచ్చింది. రెండో రకాన్ని నేను మధ్యలో ఉండి ఆపేదాన్ని. కాబట్టి బాగుందనుకున్నాను.

బాగా లేదని తెలియడానికి మూడు వారాలు పట్టింది. 'ఒక సభ్యుడు' ఒక వేరుపొడి వాడుతున్నానని, డయాలసిస్ వారానికి ఒకటి తగ్గించానని, బాగానే ఉందని రాశాడు. డయాలసిస్ తగ్గించవద్దని నేను కింద రాశాను. రెండు రోజుల తర్వాత 'ఒక సభ్యుడు' తనకీ బాగుందన్నాడు. ఆ తర్వాత మరో 'ఒక సభ్యురాలు'. చదివేవాళ్ళకి ముగ్గురు సాక్షులు దొరికినట్టయింది. నా దగ్గరి మెసేజ్‌లు తిరగేస్తే మూడూ ఒకే ఖాతావి. నేనే మూడు ముక్కలు చేసి పెట్టాను.

ఈలోగా ఇంకో ఇంట్లో ఒకాయన ఒక డయాలసిస్ మానేశాడు. నీరు పట్టి, ఊపిరాడక, రాత్రి రెండింటికి ఆసుపత్రిలో చేరాడు. బతికాడు. నర్సు ఫోన్ చేసి, "మేడమ్, మీ గ్రూపులో చూసి మానేశాడంట" అంది. ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు. కానీ ఈ కేసులో నా తప్పు ఏది అంటే మొట్టమొదట చెప్పాల్సింది ఇదే.

ఎక్కడ తప్పింది? సంపెంగి పేరుతో ఎవరైనా 'డయాలసిస్ మానేయొచ్చు' అని రాస్తే జనం ఆమె ఆరు నెలల మాటలతో పోల్చి చూసేవారు. సీసా గురించి చెప్పిన మనిషి ఇలా అంటుందా అని ఆగేవారు. 'ఒక సభ్యుడు'కి నిన్న లేదు. నిన్న ఏమన్నాడో ఎవరికీ గుర్తుండదు, రేపు తప్పని తేలితే పోయే పరువూ లేదు. పెద్దాయన ఆకాశరామన్న అన్నారే, ఆ పోలిక సంపెంగికి సరిపోదు. నేను పెట్టిన రెండో పద్ధతికి అచ్చంగా సరిపోతుంది.

పేరు ఎలా బయటపడింది

రెండో ప్రయత్నం నడుస్తుండగానే ఇది తేలింది. 'నిజం' మెసేజ్‌లో క్రియాటినిన్ అనాల్సిన చోట 'క్రియేటిన్' అని ఉంది. పాత మెసేజ్‌లు వెతికితే అదే మాటని ఎప్పుడూ అలాగే రాసే సభ్యుడు ఒకడున్నాడు. అతని ఇంట్లోనూ పేషెంటు ఉంది. సక్రమంగా చేరిన మనిషే. సంపెంగిని అడిగితే దగ్గరి చుట్టమని చెప్పింది. ఏ వరసో ఇక్కడ రాయను. రెండిళ్ళకీ మధ్య తోట గట్టు తగాదా ఉంది.

అతనికి ఆమె ఎవరో ఎలా తెలిసింది? ఆమెని ఆఫీసుకి రమ్మని, చుట్టాల ఫోన్లో ఉండేలాగే నా ఫోన్లో ఆమె నంబరుకి ఏదో ఒక వరస పెట్టి, 'పిన్ని' అని సేవ్ చేసి టెలిగ్రామ్ తెరిచాను. గ్రూపులో ఆమె మెసేజ్ పైన సంపెంగి అన్న పేరు లేదు. 'పిన్ని' అని ఉంది. టెలిగ్రామ్ అలాగే పనిచేస్తుంది. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకి వాళ్ళు పెట్టుకున్న పేరే చూపిస్తుంది. పైగా మనం చేరిన రోజే 'ఫలానా వాళ్ళు టెలిగ్రామ్‌లో చేరారు' అని వాళ్ళకి కబురు కూడా వెళ్ళవచ్చు. అంటే అతను ఆరు నెలలుగా ఆమె రాసినవన్నీ ఆమె అని తెలిసే చదివాడు. ఆమె ఆ స్క్రీను చూసి, "అయితే అందరికీ సంపెంగిని, మావోళ్ళకి నానే" అంది. నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. నంబరు దాచుకోవచ్చని చెప్పి అందర్నీ అక్కడికి తెచ్చింది నేను. ఈ ఒక్క పరీక్ష మొదటి రోజే చేసి ఉండాల్సింది.

'నిజం'ని ఏం చేయాలి

గ్రూపు ఇంకా అడుగుతూనే ఉంది, వాడి పేరు చెప్పండి అని. చెప్పలేదు. అతను ఎవరో చెబితే ఆమె ఎవరో మళ్ళీ చెప్పినట్టే, మొదటిసారి చూడనివాళ్ళకి కూడా. చుట్టరికం ఉన్నచోట ఒకరి ముసుగు తీస్తే ఇద్దరిదీ పోతుంది.

పోలీసుల సంగతి ఆమెతో మాట్లాడాను. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్‌లో నేరపూరిత బెదిరింపు ఉంది. అందులో నాలుగో ఉపసెక్షన్, పేరు దాచుకుని బెదిరిస్తే అదనంగా రెండేళ్ళ దాకా శిక్ష వేయొచ్చంటుంది. పాత ఐపీసీలో ఇది 507. మారుపేరు ఖాతా కాబట్టి దొరకడన్నది కూడా భ్రమే. చట్టప్రకారం అడిగితే నంబరు, ఐపీ అడ్రసు ఇస్తామని టెలిగ్రామ్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఇవన్నీ విని ఆమె అడిగింది ఒక్కటే: "కేసు కాయితంలో నా పేరుంటాది కదేటి?" ఉంటుంది. వద్దంది. తేదీలు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచి పెట్టాం, ఎప్పుడైనా మనసు మారితే పనికొస్తాయని.

అతనితో నేనే మాట్లాడాను. సెక్షను చెప్పాను. భయపడ్డాడు గానీ, "నేను అబద్ధం రాశానా మేడమ్?" అన్నాడు. రాయలేదు. ప్రతి ముక్కా నిజమే. ఇక్కడ తప్పు అబద్ధంలో లేదు, ఆ నిజం ఎవరు చెప్పాలన్నదాంట్లో ఉంది. ఈ మాట అతనికి అర్థమయ్యేలా చెప్పగలిగానని అనుకోను. అతన్ని గ్రూపులోంచి తీసేశాను. అతని ఇంట్లో పేషెంటు మాత్రం ఏ తప్పూ చేయలేదు, ఫోను వాడటం రాదు. వారానికోసారి ఆవిడకి ఫోన్ చేసి గ్రూపులో వచ్చిన వంటల సంగతులు నేనే చెబుతున్నాను.

చివరికి నిలబడింది

'నిజం' మెసేజ్ వచ్చిన నాలుగో నెలలో మారుపేర్లు తిరిగి తెచ్చాం, కాకపోతే పేరు మార్చుకోవడానికి వీల్లేదు. ఒక మనిషికి ఒకే పేరు. ఆ పేరు, దాని పక్కన చేరిన నెల, పైన పిన్ చేసిన పోస్టులో ఉంటాయి. వెళ్ళిపోయిన మనిషి పేరు ఇంకొకరికి ఇవ్వం. చేరాలంటే లింకు నొక్కితే సరిపోదు, నేను ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు ఒక ఫోన్ కాల్, పది నిమిషాలు. ఆధార్ లేదు. డయాలసిస్ గురించి రెండు మూడు మాటలు అడిగితే ఆ ఇంట్లో పేషెంటు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. సూది గుచ్చే చేతికి బీపీ పట్టీ కట్టనివ్వరని ఆ ఇంట్లోవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

కొత్తగా చేరినవాళ్ళకి పాత మెసేజ్‌లు కనిపించకుండా పెట్టాం. మొదటి నెల ప్రశ్నలు అడగొచ్చు, మందుల గురించి సలహా ఇవ్వకూడదు. దీని మీద గొడవైంది. "మాకు తెలిసింది చెప్పకూడదా?" అన్నారు. చెప్పొచ్చు, నెలాగి. ఆ నెలలో మనిషి ఏపాటిదో నలుగురికీ తెలుస్తుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు మొదటి రోజే వంటింటి లెక్కలు సరిచేయదు కదా అని, మళ్ళీ వచ్చి చేరిన గోరింట రాసింది. ఆ పోలిక నాకు నచ్చలేదు గానీ గొడవ సద్దుమణిగింది.

సెట్టింగుల సంగతి ఫోన్లో చెబితే కుదరదు, ఎదురుగా కూర్చోబెట్టి చేయించాలి. చుట్టాలెవరూ సేవ్ చేసుకోని నంబరు ఇంట్లో ఉంటే దాంతో చేరడం అన్నిటికన్నా మేలు. మూలపడ్డ పాత సిమ్ము చాలా ఇళ్ళలో దొరికింది. లేనివాళ్ళకి చేరకముందే కాంటాక్టులు సింక్ కాకుండా ఆపి, నంబరు ఎవరికీ కనపడకుండా, తమ కాంటాక్టుల్లో లేనివాళ్ళెవరూ నంబరుతో వెతకకుండా పెడుతున్నాం. ఇది పూర్తి రక్షణ కాదని ముందే చెబుతున్నాను.

ఏ పేరు ఎవరిదో ఒక నోటుపుస్తకంలో ఉంది. నా ఒక్కదాని దగ్గర, తాళంలో. అది నాకు బరువుగానే ఉంటుంది. కోర్టో పోలీసులో చట్టప్రకారం అడిగితే ఇవ్వాల్సిందేనని చేరేటప్పుడే అందరికీ చెబుతున్నాను. ఆ మాట విని ఇద్దరు చేరకుండా వెళ్ళిపోయారు. దాచి చేర్చుకోవడం కన్నా అది నయం.

పేరు కన్నా ఎక్కువ శ్రమ పడింది వివరాల మీద. ఒక మనిషిని ఈ జిల్లాలో పట్టించేది పేరు కాదు. సోమ-గురువారాల షిఫ్టు, కిటికీ పక్క బెడ్డు, చెన్నైలో ఉన్న కొడుకు, ఈ మూడూ చాలు. డయాలసిస్ వార్డులో ఒక షిఫ్టుకి పట్టే మంది ఎంతమందని! కాబట్టి వారం, బెడ్డు, పిల్లల ఉద్యోగాలు రాయొద్దన్నాం. మాట తీరు మాత్రం మార్చమని చెప్పలేదు. 'నాను', 'ఏటి', 'పోతాది' తీసేస్తే ఆడవాళ్ళు మళ్ళీ నోరు మూసుకుంటారు. యాస వల్ల ఉద్దానం అని తెలుస్తుంది గానీ ఏ గడపో తెలియదు. ఎంత తెలిస్తే ప్రమాదమో అంతవరకే ఆపాలి. అంతకుమించి దాయమంటే మనిషే మిగలదు.

పద్ధతి మొదలైన రెండు నెలలకి మెసేజ్‌లు పాత లెక్కకి వచ్చాయి. తిట్లు పూర్తిగా పోలేదు. పెద్దాయన ఇప్పుడు 'రావిచెట్టు'. చెట్టయ్యాక కాస్త తగ్గారు. ఎవరైనా ఆయన మాటకి ఎదురు చెబితే జవాబిస్తున్నారు, కసురుకోవడం లేదు. ఇది పేరు మార్పు వల్లనా, వయసు వల్లనా నాకు తెలియదు.

ఆమె

మగపెళ్ళివారికి స్క్రీన్‌షాట్లు వెళ్ళేలోపే ఆమె స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి చెప్పింది. భర్తని తీసుకుని వెళ్ళింది. నేను వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. రెండు రోజులు ఆలోచించి వాళ్ళు జాతకాలు కుదరలేదన్నారు. ముందే కుదిరాయని చెప్పిన జాతకాలే. కూతురు ఏమందని అడిగితే, "గుంట నా మీద కోపంగానే ఉంది మేడమ్. రెండ్రోజులు కూడు తిన్లేదు. ఇప్పుడు తింటంది" అంది. భర్త గురించి నేను అడగలేదు. ఇప్పుడు రెండు సీసాలు నింపి పెడుతున్నానని ఆమే చెప్పింది. ఆమె దశలో నీళ్ళు తగ్గించాల్సిన పనిలేదు, డాక్టరుని అడక్కుండా అలా చేయొద్దని గట్టిగా చెప్పి చెకప్‌కి పంపాను.

కొత్త పద్ధతిలో ఏ పేరు కావాలని ఆమెని అడిగాను. బయటపడిన పేరు కదా, మార్చుకుంటే మంచిదని నా ఉద్దేశం. "మారిస్తే ఆ సీసా సంగతి సెప్పింది నానని ఎవులికి తెలుస్తాది?" అంది. పాత పేరే రాసుకున్నాను.

పందొమ్మిది రోజులు ఏమీ రాయలేదు. ఇరవయ్యో రోజు సాయంత్రం సంపెంగి పేరుతో ఒక మెసేజ్ వచ్చింది: "అరటికాయ తొక్క తీసి సన్నగా కోసి గోరెచ్చని నీళ్ళల్లో రెండు గంటలు నానెయ్యండి. ఆ నీళ్ళు పారబొయ్యండి, పులుసులో పొయ్యకండి."

కింద గోరింట రాసింది: "అప్పా, కందకి కూడా ఇంతేనా?"